బయోడేటా రాయడం నేర్పితే సరిపోతుందా?

ఈ మధ్య పొన్నూరులో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న ఆడపిల్లలకు మిత్రులు కొందరు రెండు రోజుల శిక్షణ శిబిరం పెట్టి, నన్ను కూడా రమ్మన్నారు. భవిష్యత్తుకు ప్రణాళిక వేసుకోవడం ఎలా, ఉద్యోగం వెతుక్కోవడం ఎలా అన్నది విషయం. మామిళ్లపల్లి, బ్రాహ్మణకోడూరు, పచ్చలతాడిపర్రు వంటి ఊళ్ల నుంచి కూడా పిల్లలు వచ్చారు. మొదటి రోజు పొద్దున్నే అందరికీ తలొక తెల్ల కాగితం ఇచ్చి, ‘అయిదేళ్ల తర్వాత నేను’ అని రాయమన్నాను. ఇలాంటి శిబిరాలన్నింటిలోనూ చేయించే పనే ఇది.

కొందరు రెండు ముక్కలు రాసి ఆగిపోయారు. కొందరు ‘నాన్నగారు ఎలా అంటే అలా’ అని రాశారు. ఒకమ్మాయి మాత్రం కాగితం మధ్యలో నిలువుగా గీత గీసింది. ఒకవైపు ‘పెళ్లి కుదిరితే’, రెండోవైపు ‘కుదరకపోతే’ అని రాసుకుంది. కుదిరితే అన్నచోట ఒకే వాక్యం: ‘వాళ్లు చేయనిస్తే చేస్తాను’. కుదరకపోతే అన్నచోట ‘గుంటూరులో బ్యాంకు పరీక్షల కోచింగ్’ అని రాసి, కింద ‘డబ్బు?’ అని ప్రశ్నార్థకం పెట్టింది.

ఆ కాగితాన్ని నేనింకా దాచుకున్నాను. ప్రణాళిక వేసుకోవడమంటే తన కాలం తన చేతిలో ఉందని నమ్మగలగడం. మగపిల్లవాడికి ఆ నమ్మకాన్ని ఇల్లే ఇస్తుంది. ఆడపిల్ల కాలం మాత్రం ఎవరో వచ్చి తీసుకుపోవడానికి సిద్ధంగా ఉంచిన కాలం. ఈ తేడాను పక్కన పెట్టి ఇద్దరికీ ఒకే పుస్తకం, ఒకే పాఠం, ఒకే నమూనా బయోడేటా ఇస్తున్నాం. దానికి ‘నైపుణ్యాభివృద్ధి’ అని పేరు పెట్టుకుంటున్నాం.

మన రాష్ట్రంలో ఈ పాఠాలకు లోటు లేదు. 2000ల మధ్యలో కాలేజీల్లో జవహర్ నాలెడ్జ్ సెంటర్లు వచ్చాయి. రాష్ట్ర విభజన తర్వాత నైపుణ్యాభివృద్ధి సంస్థ వచ్చింది. 2020-21లో డిగ్రీ చదువును మార్చినప్పుడు జీవన నైపుణ్యాల కోర్సులతో పాటు 10 నెలల ఇంటర్న్‌షిప్ కూడా పెట్టారు. ఇవన్నీ పనికిరానివని నేననను. ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చిన పిల్లకు దరఖాస్తు ఎలా రాయాలో చెప్పే మనిషి ఉండడం చిన్న విషయం కాదు. నా అభ్యంతరం వేరు. ఈ పాఠాల సారాంశమంతా ఒక్కటే: ఉద్యోగం రాకపోతే లోపం నీలో ఉంది. నీ ఇంగ్లీషులో ఉంది, నీ నడకలో ఉంది, నీ ఆత్మవిశ్వాసంలో ఉంది. దాన్ని దిద్దుకో. ఇచ్చేవాళ్ల వైపు ఏం లోపం ఉందో ఏ పాఠమూ చెప్పదు.

ఈ విమర్శ నాకూ వర్తిస్తుంది. చాలా ఏళ్ల క్రితం ఒక సంస్థ కోసం నేనొక కరదీపిక రాసిపెట్టాను. ‘పెళ్లెప్పుడు చేసుకుంటారు? పెళ్లయ్యాక ఉద్యోగం మానేస్తారా?’ అని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలి అన్నది అందులో ఒక అంశం. ‘చిరునవ్వుతో, ప్రస్తుతం అలాంటి ఆలోచన లేదని చెప్పండి’ అని రాశాను. పొన్నూరులో అదే మాట చెప్పబోతుంటే వెనక వరసలోని అమ్మాయి లేచింది. ‘మేడం, నాకు వచ్చే మాఘంలో పెళ్లి. అబద్ధం చెప్పమంటారా?’ అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. అంతకాలం ఆడపిల్లలకు ఉద్యోగం వెతుక్కోవడం పేరుతో నేను నేర్పింది వివక్షకు ఒదిగిపోయే విద్యేనని ఆ క్షణంలో అర్థమైంది.

ఆ అమ్మాయికి చెప్పాల్సిన జవాబు మన న్యాయచరిత్రలోనే ఉంది. నీరా మాథుర్ అనే ఆమెకు జీవిత బీమా సంస్థలో ఉద్యోగం వచ్చింది. చేరేటప్పుడు నింపిన పత్రంలో నెలసరి సక్రమంగా వస్తుందా, ఎన్నిసార్లు గర్భం వచ్చింది అనే ప్రశ్నలున్నాయి. ప్రొబేషన్‌లో ఉండగా ఆమె ప్రసూతి సెలవు మీద వెళ్లింది. పత్రంలో నిజం దాచిందంటూ ఉద్యోగంలోంచి తీసేశారు. 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి చేర్చుకోమంది. ఆ ప్రశ్నలు అడగడమే అవమానకరమనీ, వాటిని పత్రంలోంచి తొలగించమనీ చెప్పింది. అంతకుముందు 1979లో సి.బి. ముత్తమ్మ కేసు, 1981లో ఎయిర్‌హోస్టెస్‌ల కేసు ఉన్నాయి. మొదటి గర్భంతోనే ఉద్యోగం ఊడుతుందన్న నిబంధనను కోర్టు కొట్టేసింది ఆ రెండో కేసులోనే. ఈ ఆడవాళ్ల పేర్లు మన శిక్షణ పుస్తకాల్లో ఎందుకు లేవు? టై ఎలా కట్టుకోవాలో బొమ్మ వేసి చూపించే పుస్తకంలో ఒక పేజీ వీళ్లకు దొరకదా?

ఇదంతా పాత కథ అనుకునే వీలు కూడా లేదు. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో ఐఫోన్లు కూర్చే కర్మాగారంలోకి పెళ్లయిన ఆడవాళ్లను తీసుకోవడం లేదని 2024 జూన్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. కేంద్ర కార్మిక శాఖ తమిళనాడు ప్రభుత్వాన్ని నివేదిక అడిగింది. అంటే పెళ్లయితే ఇల్లు పంపదు, ఇల్లు పంపినా కర్మాగారం తీసుకోదు. మా పొన్నూరు పిల్ల కాగితం మీద గీసిన గీత ఆమె సొంత ఊహ కాదు. సమాజం గీసిందే ఆమె కాగితం మీదికి ఎక్కించింది.

రెండో రోజు సాయంత్రం తల్లుల్ని కూడా రమ్మన్నాం. వచ్చినవాళ్లలో ఎక్కువమంది కూలి పనులు చేసుకునేవాళ్లు. వరినాట్లు, మినుము తీతలు ఇక్కడే దొరుకుతాయి. మిరప కోతల కాలంలో మెట్ట ఊళ్లకు ఆటోల్లో పోతారు. ఒకామె పెద్దకూతురు ఒక శిక్షణ సంస్థ ద్వారా దూరాన ఉన్న కర్మాగారంలో చేరింది. చెప్పిన జీతం వేరు, హాస్టలుకీ తిండికీ బస్సుకీ కోసుకోగా చేతికి వచ్చింది వేరు. మూడు నెలలకు తిరిగొచ్చింది. ఆ తల్లి నన్ను అడిగింది: ‘మేం కోతకి పోయే ముందే మేస్త్రిని అడుగుతాం గదమ్మా. రోజుకెంత, ఆటో ఖర్చు ఎవరిది, పొద్దుగూకేలోపు దింపుతావా లేదా అని. కూలి తేలకుండా చేలో కాలు పెట్టం. ఇంత చదువు చదివి మా పిల్ల ఒక్క మాటా అడక్కుండా సంతకం పెట్టిందేంటమ్మా?’

ఎందుకంటే అడగకూడదని మనం నేర్పాం. జీతం గురించి ముందుగా మాట్లాడితే దురాశ అనుకుంటారని చెప్పాం. వినయంగా ఉండమన్నాం. మేస్త్రితో బేరమాడే తల్లి దగ్గర తరతరాలుగా పోగైన విజ్ఞానం ఉంది. ఎక్కడ, ఎన్ని గంటలు, ఎంతకు, ఎవరితో కలిసి, తిరిగి ఎలా వస్తాం అనే అయిదు ప్రశ్నలూ ఆమెకు కంఠతా వచ్చు. పైగా ఆమె ఒంటరిగా అడగదు, ముఠా అంతా కలిసి అడుగుతుంది. కూతురికి డిగ్రీ ఇచ్చి ఆ విద్య లాగేసుకున్నాం. శిక్షణ సంస్థ లెక్కల్లో మాత్రం ఆ అమ్మాయి ‘ఉద్యోగం పొందిన అభ్యర్థి’. తిరిగొచ్చిన వాళ్ల లెక్క రాసే గడి ఆ నివేదికల్లో లేదు.

ఇంకో విషయం. ఉద్యోగాలు ప్రకటనలు చూసి కాదు, పరిచయాల ద్వారా దొరుకుతాయని అమెరికన్ సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1970ల్లోనే చూపించాడు. మన దగ్గర పరిచయాలంటే కులం, మగవాళ్ల స్నేహాలు, కిళ్లీకొట్టు దగ్గర కబుర్లు. డెల్టాలో భూమీ, అమెరికాలో బంధువులూ ఉన్న ఇంటి అబ్బాయికి ఉద్యోగం వెతకడం నేర్పనక్కర్లేదు. వెతికిపెట్టేవాళ్లుంటారు. అదే ఊళ్లో పల్లె నుంచి వచ్చే దళిత అమ్మాయికి దరఖాస్తు ఒక్కటే ఆధారం. ఆ దరఖాస్తు మీద కూడా పేరు ఉంటుంది. సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో సమానమైన అర్హతలతో ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపి చూశారు. దళితుల పేర్లున్నవాటికి తక్కువ పిలుపులు వచ్చాయి. బయోడేటా ఎంత అందంగా రాసినా ఇంటిపేరు దిద్దుకోలేం గదా!

భూమి ఉన్న ఇళ్ల ఆడపిల్లలు బాగున్నారనీ కాదు. వాళ్ల బి.టెక్. చాలాసార్లు సంబంధం కోసం కొన్న అర్హత. అమెరికాకు భార్యగా వెళ్లిన ఎందరో తెలుగు ఇంజనీర్లు డిపెండెంట్ వీసా మీద ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చున్నారు. 2015 మేలో ఆ వీసా ఉన్నవాళ్లలో కొందరికి మాత్రమే పనిచేసే అనుమతి దొరికింది. వీళ్లది తిండికి లేని బాధ కాదు. కానీ ‘వాళ్లు చేయనిస్తే చేస్తాను’ అన్న వాక్యం వీళ్లకూ వర్తిస్తుంది. ఇక్కడ ‘వాళ్ల’లో మరో దేశపు ప్రభుత్వం కూడా చేరింది, అంతే తేడా.

ఈ జిల్లాకు ఇంతకంటే మంచి సంప్రదాయం ఉంది. ఉన్నవ లక్ష్మీబాయమ్మ, లక్ష్మీనారాయణ దంపతులు 1922లో గుంటూరులో శారదా నికేతనం పెట్టినప్పుడు, దిక్కులేని ఆడవాళ్లకు చదువుతో పాటు చేతిపని నేర్పారు. ఇంటి మీద ఆధారపడకుండా బతికే దారి చూపడమే అక్కడ లక్ష్యం. 1930ల్లో ఆచార్య రంగా పొన్నూరును ఆనుకునే ఉన్న నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం నడిపారు. రైతుకు తన స్థితికి కారణాలేమిటో, కలిసి ఎలా నిలబడాలో చెప్పే బడి అది. ఆ నేలమీద నిలబడి మనం ఆడపిల్లలకు కరచాలనం ఎంత గట్టిగా చేయాలో నేర్పుతున్నాం!

‘ఇవన్నీ చెబితే పిల్లలు బెదిరిపోతారు. ముందు ఉద్యోగంలో చేరనివ్వండి, హక్కుల సంగతి తర్వాత’ అని శిబిరం నడిపిన మిత్రురాలు నాతో అంది. ఆమె మాట తీసిపారేయదగ్గది కాదు. ఎదురు ప్రశ్న వేసిన పిల్లను పక్కనపెట్టి, వేయని పిల్లను తీసుకుంటారు. ఆ నష్టం ఆ పిల్లదే, నాది కాదు. అందుకే ప్రతి ఇంటర్వ్యూలోనూ పోట్లాడమని నేను చెప్పడం లేదు. అయితే తెలిసి ఊరుకోవడానికీ, తెలియక తలవంచడానికీ తేడా ఉంది. ఆ ప్రశ్న తప్పని తెలిసిన పిల్ల, ఉద్యోగం రాకపోతే తనను తాను నిందించుకోదు. చేరితే రెండో రోజునే తోటివాళ్లను వెతుక్కుంటుంది.

అందుకే ఇకమీద మన శిబిరాల్లో కొన్ని మార్పులు చేద్దామని ప్రతిపాదిస్తున్నాను. బయోడేటా కంటే ముందు నియామక పత్రం చదవడం నేర్పాలి. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి చేశాయి. ఆ కోడ్‌ల మీద మనకు ఎన్ని విమర్శలున్నా, ఈ ఒక్క కాగితాన్ని పట్టుబట్టి అడగాలి. మొత్తం జీతం ఎంత, కోతలు ఎంత, చేతికి ఎంత అనేది పిల్లలచేత లెక్క కట్టించాలి. నియామకంలో ఆడామగా తేడా చూపకూడదని 1976 సమాన వేతన చట్టం చెప్పింది, దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్ కూడా చెబుతోంది. 2013 చట్టం ప్రకారం పదిమంది పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ ఉండాలి. శిక్షణలో ఉన్నవాళ్లు కూడా ఫిర్యాదు చేయవచ్చు, మూడు నెలల్లోపు. 26 వారాల ప్రసూతి సెలవు హక్కే గాని దయ కాదు. ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగేవాళ్లను నమ్మవద్దని కూడా గట్టిగా చెప్పాలి.

ఇక ఇంటి సంగతి. ఉద్యోగం వెతకడంలో మొదటి ఇంటర్వ్యూ ఇంట్లోనే జరుగుతుంది. నాన్నతో, అన్నతో, రేపు అత్తగారితో. దానికి తయారు చేయకుండా కంపెనీ ఇంటర్వ్యూకు తయారు చేస్తే ఏం లాభం? తండ్రుల్ని, అన్నదమ్ముల్ని కూడా శిబిరాలకు పిలవాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. పొన్నూరు నుంచి గుంటూరుకు టికెట్టు అడ్డం తొలగింది. ‘చీకటిపడితే ఎలా’ అన్న మాట అడ్డం తొలగలేదు. 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం పని గంటలు పదికి పెంచుతూ, ఆడవాళ్లకు రాత్రి షిఫ్టులు అనుమతిస్తూ నిర్ణయం చేసింది. మరి ఆ రాత్రి బస్సు ఎక్కడ, హాస్టలు ఎక్కడ, పిల్లల్ని చూసేదెవరు? ఈ ప్రశ్నలు మన పిల్లల వ్యక్తిగత సమస్యలు కావు, మనం సంఘాలుగా అడగాల్సినవి.

అన్నిటికంటే ముందు, ఆ తల్లుల్ని శిబిరానికి ఆఖరి రోజు సాయంత్రం కాదు, మొదటి రోజు పొద్దున్నే పిలవాలి. ప్రేక్షకులుగా కాదు, పాఠం చెప్పేవాళ్లుగా. కూలి తేలకుండా చేలో కాలు పెట్టని ఆ మనిషి చెప్పే పాఠం ముందు నా కరదీపిక ఎందుకూ కొరగాదు. దాన్ని నేను మళ్లీ రాస్తున్నాను. వాళ్ల అయిదు ప్రశ్నలతో మొదలుపెడుతున్నాను. మీ ఊళ్లలో ఇలాంటి శిబిరాలు నడుపుతున్నవాళ్లు మీ అనుభవాలు రాయండి. ముఖ్యంగా ఉద్యోగంలో చేరి తిరిగొచ్చిన పిల్లల గురించి రాయండి. ఎందుకు వచ్చేశారో వాళ్లనే అడగండి. ఆ లెక్క ఎవరూ రాయడం లేదు, మనమైనా రాద్దాం.