ఓల్డ్ యెల్లర్ చివరి పది నిమిషాలు పిల్లలకి చూపించాలా?

పిల్లలూ కుక్కా ఉన్న పాత సినిమా ఏదైనా చెప్పానంటే మా టీమ్‌లో తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "చివర్లో కుక్క చచ్చిపోదు కదా?" పోతుందంటే ఆ సినిమా లిస్టులోంచి అవుట్. నాకైతే ఈ పద్ధతి నచ్చదు. ఎందుకో చెప్తాను.

'ఓల్డ్ యెల్లర్' 1957లో వచ్చిన డిస్నీ సినిమా. ఫ్రెడ్ గిప్సన్ నవలే దానికి ఆధారం. కథ జరిగేది 1860ల నాటి టెక్సాస్‌లో. తండ్రి పశువుల్ని తోలుకుని దూరం వెళ్తాడు, ఇంటి బాధ్యత పెద్దకొడుకు ట్రావిస్ మీద పడుతుంది. ఎక్కణ్ణుంచో వచ్చిన ఓ దొంగకుక్క అంటే మొదట్లో వాడికి ఒళ్ళు మంట. అది తమ్ముణ్ణి ఎలుగుబంటి బారి నుంచి కాపాడాక ప్రాణస్నేహితులైపోతారు. తర్వాత పిచ్చిపట్టిన తోడేలు ఇంటిమీదకొస్తే, అడ్డం వెళ్ళి కరిపించుకుంటుంది. గాదెలో బంధించి చూస్తారు. చివరికి రోగం బయటపడుతుంది. తల్లి తుపాకీ తెస్తే, "నా కుక్క, నేనే చేస్తా" అంటాడు ట్రావిస్.

'ఫ్రెండ్స్' చూసినవాళ్ళకి 1996 నాటి ఎపిసోడ్ గుర్తుండే ఉంటుంది. ఇలాంటి సినిమాల ముగింపు రాకముందే ఫీబీ వాళ్ళమ్మ టీవీ కట్టేసేది. పాపం, పెద్దయ్యాక గానీ ఆవిడకి అసలు కథ తెలీదు. మన భాషలో చెప్పాలంటే, హ్యాపీ పాత్ ఒక్కటే టెస్ట్ చేసి రిలీజ్ చేయడం!

మా తాతయ్య పోయినప్పుడు నాకు ఏడేళ్ళు. ఊరెళ్ళారని చెప్పారు. బస్సు చప్పుడైనప్పుడల్లా వాకిట్లోకి పరిగెత్తేవాణ్ణి. నిజం చెప్తే పిల్లాడు తట్టుకోలేడని మావాళ్ళ భయం. ఆ ఎదురుచూపు మాత్రం ఎలా తట్టుకుంటాడనుకున్నారో!

ఈ సినిమా తుపాకీ పేలడంతో అయిపోదు. తండ్రి తిరిగొచ్చి, కొడుకు పక్కన కూర్చుని మాట్లాడతాడు. ఏమీ జరగలేదని నటించడు, ఇంకో కుక్కని కొనిస్తాననీ అనడు. బాధ నిజమేనని ఒప్పుకుని, బతుకులో మంచి కూడా ఉందంటాడు. టీవీ కట్టేస్తే పోయేది ఈ సంభాషణే. పిల్లలకన్నా ముందు నేర్చుకోవాల్సింది మనం.

ఇంకో లాభం కూడా ఉంది. "ఇంజెక్షన్ చేయించొచ్చు కదా?" అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. పాశ్చర్ రేబిస్ టీకాని మొదటిసారి ఓ తొమ్మిదేళ్ళ పిల్లాడికి వేయించింది 1885లో. ట్రావిస్ కాలానికి అది లేదు. మనకుంది. వీధికుక్క కరిస్తే తిడతారని దాచకూడదనీ, పావుగంట సబ్బునీళ్ళతో కడిగి, ఆ రోజే టీకాకి వెళ్ళాలనీ చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు.

నాలుగేళ్ళ పిల్లలకి చూపించమనడం లేదు. వాళ్ళకి 1943లో వచ్చిన 'లాసీ కమ్ హోమ్' ఉంది. ఉద్యోగం పోయి తండ్రి కుక్కని అమ్మేస్తే, అది స్కాట్లండ్ నుంచి యార్క్‌షైర్ దాకా నడిచి పిల్లాడి దగ్గరికి వచ్చేస్తుంది. కుక్క బతుకుతుంది, పేదరికం గురించీ నాలుగు ముక్కలు తెలుస్తాయి. ఎనిమిదో తొమ్మిదో వచ్చాక మాత్రం ఓల్డ్ యెల్లర్ పెట్టండి. లాప్‌టాప్ మూసేసి పక్కన కూర్చోండి. ఏడిస్తే ఏడవనివ్వండి, మీరూ ఏడవండి. తర్వాత వాళ్ళడిగే ప్రశ్నలకి మాత్రం నిజం చెప్పండి.