తోడు వచ్చే మనిషి

చక్రాల కుర్చీలో తిరిగే మనిషికి రైలు టికెట్టులో రాయితీ కావాలంటే, తోడు లేకుండా ప్రయాణం చేయలేరని డాక్టరు ధ్రువీకరించాలి. ఆ కాగితం ఉంటే స్లీపరులోనూ థర్డ్ ఏసీలోనూ 75 శాతం రాయితీ ఇద్దరికీ వస్తుంది: ప్రయాణికురాలికీ, తోడు వచ్చే మనిషికీ. ఏళ్ల తరబడి అమలులో ఉన్న ఈ నిబంధనను మనం సంక్షేమ చర్యగానే చూస్తూ వచ్చాం. ఆ తోడు వచ్చే మనిషి ఎవరని అడిగి చూస్తే ఇది మన పత్రిక మాట్లాడవలసిన విషయమేనని అర్థమవుతుంది.

పాతబస్తీలో ఇంటి చాకిరీ గురించి, రోగులనూ ముసలివాళ్లనూ చూసుకునే పని గురించి స్త్రీలతో చాలా కాలంగా మాట్లాడుతున్నాను. ప్రయాణాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా తోడు వెళ్లేది దాదాపుగా ఆడమనిషే. తల్లి, భార్య, కోడలు, పెళ్లి కాని అక్క. కాట్పాడిలో దిగి వేలూరు ఆసుపత్రికి పోవాలన్నా, తిరుపతి మొక్కు తీర్చుకోవాలన్నా, గుల్బర్గాలో బందే నవాజ్ ఉర్సుకు వెళ్లాలన్నా ప్రయాణం రెండు రోజుల ముందే ఆమెకు మొదలవుతుంది. గల్లీలోకి ఆటో రాదు కాబట్టి కుర్చీని రోడ్డు దాకా నెట్టాలి, మడిచి ఆటో వెనక తాడుతో కట్టాలి. ముందురోజు నుంచే నీళ్లు తగ్గించాలి, ప్రయాణించే మనిషికీ, తనకూ. రైల్లో మరుగుదొడ్డి దాకా కుర్చీ పోదు, మనిషిని వదిలి తను పోలేదు. బెర్తుకు అడ్డంగా కట్టడానికి ఒక పాత దుప్పటి విడిగా సర్దుకోవాలి. ఈ పని దేన్నీ ఏ టికెట్టూ లెక్కలోకి తీసుకోలేదు. రైల్వే ఇచ్చే రాయితీ పోను మిగిలిన ఖర్చంతా ఈమె ఒంటితో చెల్లిస్తోంది.

మన ప్లాట్‌ఫారానికీ పెట్టె గడపకూ మధ్య ఎత్తు తేడా సుమారు మూరెడు ఉంటుంది. ఎత్తు ప్లాట్‌ఫారం అనిపించుకున్న చోట సంగతి ఇది. ఎత్తు తక్కువ ప్లాట్‌ఫారాలైతే చెప్పనక్కరలేదు. ఆ మూరెడునూ దాటించడానికి మన దేశంలో దొరికే సాధనం మగవాళ్ల చేతులు. ఇద్దరు కూలీలు చంకల కింద, తొడల కింద చేతులు వేసి ఎత్తుతారు. అందులో చాలామంది మర్యాదస్తులే. కానీ ఆ క్షణంలో ఆ స్త్రీకి వద్దనే అవకాశం లేదు. ముంబయికి చెందిన విరాలి మోదీ 2017లో ప్రధానమంత్రికి పెట్టుకున్న విజ్ఞాపనలో ఈ సంగతినే బహిరంగంగా చెప్పింది. రైలు ఎక్కించే నెపంతో కూలీలు తనను మూడుసార్లు అసభ్యంగా తడిమారని రాసింది. మరుగుదొడ్డి వాడలేక డయపరు వేసుకుని ప్రయాణం చేయవలసి వస్తోందని కూడా రాసింది. ఆ విజ్ఞాపన తర్వాతే ఎర్నాకుళం వంటి కొన్ని స్టేషన్లలో మోసుకుపోదగిన ర్యాంపులు వచ్చాయి. ఆ యేడే క్రీడాకారిణి సువర్ణా రాజ్‌కు నాగపూర్ నుంచి ఢిల్లీ వెళ్లే గరీబ్‌రథ్‌లో పై బెర్తు ఇచ్చారు. పోలియో వచ్చిన మనిషి ఆ రాత్రి నేల మీద పడుకుంది.

చాలా ఎక్స్‌ప్రెస్ రైళ్లలో వికలాంగులకు గది ఉంది కదా అంటారు. ఉంది. రైలు కొసన, గార్డూ లగేజీ ఉండే పెట్టెలో. రిజర్వేషన్ లేదు, దీపాలు లేని ప్లాట్‌ఫారం చివరకు పోతే గాని అందదు. రాత్రిపూట ఒక తల్లీ కూతురూ అక్కడ కూర్చుని వెళ్లగలరా అన్నది ఆ పెట్టెను రూపొందించినవారు ఆలోచించినట్టు లేదు. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి 'దివ్యాంగులు' అన్న మాటను ముందుకు తెచ్చాక బోర్డుల మీద పేరు మారింది. మాటలో దివ్యత్వం చేరింది గాని మెట్టు ఎత్తు తగ్గలేదు.

చట్టాల సంగతి చూద్దాం. 1995 వికలాంగుల చట్టం రైలు పెట్టెలనూ బస్సులనూ అందరూ ఎక్కగలిగేలా మార్చాలంది, అయితే 'ఆర్థిక స్తోమత మేరకు' అని ఒక మెలిక పెట్టింది. ప్రభుత్వాల స్తోమత ఇలాంటి చోట్ల ఎప్పుడూ చాలదని మనకు అనుభవమే. 2007లో భారతదేశం ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ఆమోదించింది, అందులో ఆరవ అధికరణం వికలాంగ స్త్రీల గురించే. 2016 చట్టం ఆ బాటలో వచ్చింది. ప్రమాణాల దగ్గరకు వచ్చేసరికి మాత్రం అన్నీ మార్గదర్శకాలుగానే, అంటే పాటించకపోయినా ఎవరూ అడగని సలహాలుగానే ఉండిపోయాయి. 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు దీన్నే తప్పుపట్టింది. తప్పనిసరిగా పాటించవలసిన నియమాలను మూడు నెలల్లో తయారుచేయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారుచేసింది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వికలాంగ అధ్యయన కేంద్రం. మన సంఘాల్లో ఎందరు దాన్ని తెప్పించుకుని చదివారు?

ఉప్పుగూడలో నాకు బాగా తెలిసిన ఒక కుటుంబం 2024 వేసవిలో జర్మనీలో ఉన్న చిన్నకొడుకు దగ్గరకు వెళ్లింది. అత్తగారు వెన్నెముక దెబ్బతిని పదేళ్లుగా కుర్చీలో ఉన్నారు. పెద్దకోడలే తోడు. ఫ్రాంక్‌ఫర్ట్, కొలోన్, బ్రస్సెల్స్, పారిస్, అన్నీ రైలు మీదే తిరిగారు. అబ్బాయి ముందురోజు కబురు చేస్తే స్టేషన్ సిబ్బంది చక్రాల మీద నడిచే చిన్న లిఫ్టు తెచ్చి, కుర్చీని మనిషితో సహా పెట్టె గడప దాకా లేపారు. పెట్టెలో కుర్చీ నిలిపే చోటు, పక్కనే కోడలు కూర్చునే సీటు, నాలుగడుగుల్లో వెడల్పు తలుపు ఉన్న మరుగుదొడ్డి. ఒక చిన్న స్టేషన్లో లిఫ్టు పనిచేయక గంటన్నర ఆగిపోయారు, అదీ చెప్పింది. తిరిగి వచ్చాక ఆ కోడలితో మాట్లాడినప్పుడు ఈఫిల్ టవరు గురించి పెద్దగా ఏమీ చెప్పలేదు. కొలోన్ దాటాక తను కిటికీకి తల ఆనించి నిద్రపోయిందట. పెళ్లయ్యాక రైలులో నిద్రపోవడం అదే మొదలట. అత్తగారు తనంతట తను వెళ్లి మరుగుదొడ్డి వాడుకుని వచ్చారట, ఈమెను లేపకుండానే.

యూరపును స్వర్గంగా చూపించడం నా ఉద్దేశం కాదు. అక్కడి చట్టం ప్రకారమూ సాయం కావాలంటే 24 గంటల ముందు చెప్పాలి. 2023 జూన్ దాకా అది 48 గంటలు. బుద్ధి పుట్టినప్పుడు రైలెక్కే స్వేచ్ఛ కాళ్లున్నవాళ్లకే మిగిలింది. స్విట్జర్లాండు తన స్టేషన్లన్నిటినీ సరిచేయడానికి 20 ఏళ్ల గడువు పెట్టుకుని, 2023 చివరికి అది ముగిసినా పని పూర్తి చేయలేకపోయింది. బ్రిటన్‌లో పార్లమెంటు ఎగువ సభ సభ్యురాలు, పారాలింపిక్ విజేత టానీ గ్రే-థాంప్సన్ 2024 ఆగస్టులో లండన్ కింగ్స్ క్రాస్‌లో సాయానికి ఎవరూ రాక రైలు నుంచి పాకుతూ దిగింది. తేడా ఒక్కటి ఉంది. అక్కడ అది వార్త అయింది. మన దగ్గర ఆ పని రోజూ ఎవరో కోడలు చూసుకుంటుంది కాబట్టి వార్త కాదు.

హైదరాబాదు సంగతికి వద్దాం. లిఫ్టులున్న మెట్రో 2017లో మొదలైంది. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా వేయవలసిన ముక్కను మాత్రం ఆపేశారు. పాతబస్తీ లైనుకు మళ్లీ శంకుస్థాపన జరిగింది 2024 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ఉచితం, మంచిదే, మనమంతా హర్షించాం. మెట్టెక్కలేని స్త్రీకి ఉచిత టికెట్టు ఎందుకు పనికివస్తుందని మనలో ఎవరం అడగలేదు. కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్ వెళ్లే వందే భారత్‌లో కొస పెట్టెల్లో కుర్చీకి చోటుంది. కానీ పాతబస్తీ కుటుంబాలు ఆ చార్జీ పెట్టి ఎన్నిసార్లు ఎక్కగలవు? వాళ్లు ఎక్కేవి స్లీపరు పెట్టెలు. మార్పు రావలసింది అక్కడ.

రైల్వే డివిజన్లలో ప్రయాణికుల సంప్రదింపుల కమిటీలు ఉన్నాయి. వాటిలో వర్తక సంఘాల వాళ్లు కూర్చుంటారు, రాజకీయ నాయకుల మనుషులు కూర్చుంటారు. కుర్చీలో ప్రయాణించే ఒక స్త్రీనీ, ఆమెకు తోడు వెళ్లే ఒక స్త్రీనీ హైదరాబాదు, సికింద్రాబాదు డివిజన్ల కమిటీల్లోకి తీసుకోవాలని మన సంఘాలు ఉమ్మడిగా రాసి అడగాలి. పెట్టె గడపతో సమానంగా ఎక్కే ఏర్పాటు, ఇరుకు నడవలో పట్టే చిన్న కుర్చీ, ఎత్తవలసి వస్తే శిక్షణ పొందిన స్త్రీ సిబ్బంది, కుర్చీ తిరిగే మరుగుదొడ్డి. ఈ నాలుగూ ఉత్తరంలో ఉండాలి. ముసాయిదా మా కార్యాలయంలో సిద్ధంగా ఉంది. సంతకం చేసే సంఘాలు వచ్చే సంచిక లోపు తెలియజేయండి. మీ బస్తీలో తోడు వెళ్లే స్త్రీలతో కూర్చుని, వారు చెప్పినదాన్ని వారి మాటల్లోనే దానికి జతచేసి పంపండి.