మసక గోడకు వేయుదము, చీరకు వలదు

పావగడ తాలూకాలోని వై.ఎన్. హొసకోటె మొదలు సరిహద్దు కావలనున్న ధర్మవరము వరకు, పట్టుచీర నేయు ఇండ్లలో నేడు మగ్గము ప్రక్కనే సెల్‌ఫోనున్నది. చీర కోసిన వెంటనే ఫొటో తీసి వాట్సాప్‌లో షావుకారుకు, కొనువారికి పంపుచున్నాము. ఇది మంచిదే. కాని ఆ ఫొటోలకు మన పిల్లలు దిద్దుచున్న మెరుగులలో ఒకదానిని గూర్చి నేత కుటుంబములవారు ఆలోచింపవలసియున్నది. అదే మసక, పిల్లల మాటలో బ్లర్.

మసక యనగానేమి? ఫొటో చిన్న చిన్న రంగు చుక్కల కూర్పు. ప్రతి చుక్కను ఇరుగుపొరుగు చుక్కలతో కలిపి సరాసరి రంగు చేసినచో మసక యేర్పడును. తడి మీద ఒక పోగు రంగు ప్రక్క పోగునకు దిగినట్లే. 2016లో ఐఫోన్ 7 ప్లస్ వచ్చిన తరువాత, వెనుక భాగమును ఫోనే మసక చేయు పద్ధతి బాగుగ వ్యాపించినది.

వెనుకనున్న గోడను, ఆరవేసిన బట్టలను మసక చేసినచో చీర కన్నులకింపుగా నుండును. అభ్యంతరము లేదు. కాని ఏది గోడయో, ఏది కొంగు కుచ్చో ఫోనునకు తెలియదు, అంచనా వేయును. ఆ అంచనా తప్పినచో సన్నని కుచ్చు పోగులు గోడతోపాటు కరగిపోవును. కొందరు అంతటితో ఆగక, పోగుల ఎగుడుదిగుడులు కనబడకుండ చీరనే నున్నగా మసక చేయుచున్నారు.

సోదరులారా, చేటంతయు ఇచ్చటనే యున్నది. ఆ ఎగుడుదిగుడులు, అంచున సూదుల గుర్తులు, వెనుక వైపు బుటా పోగులు చూచియే తెలిసినవారు చేనేతను గుర్తింతురు. అవి చెరిపినచో మన చీరకు, మరమగ్గపు చీరకు ఫొటోలో తేడా యుండదు. తేడా కనబడనపుడు కొనువాడు తక్కువ ధర దానినే కొనును. కొన్ని రకములను చేనేతకే ప్రత్యేకించిన 1985 నాటి చట్టములో చీర యున్నది. అట్టి రక్షణ కోరు మనమే మన సాక్ష్యమును చెరుపుకొనుట తగునా?

“స్పష్టముగ చూపిన డిజైను నాలుగు దినములలో మరమగ్గమెక్కును గదా” యని కొందరందురు. ఆ భయము నిజమైనదే. కాని దానికి మందు మసక కాదు. 2000 నాటి డిజైనుల చట్టము క్రింద సరిక్రొత్త డిజైనును నమోదు చేయించుకొనవచ్చును. దరఖాస్తుకు ముందే అది లోకమునకు వెల్లడి కారాదు. కావున దరఖాస్తు పెట్టువరకు అట్టి ఫొటోను ఎవరికిని పంపకుడు.

నా మనవి యిది. చీరకు మూడు ఫొటోలు తీయుడు. మొదటిది పూర్తి చీర. గోడ మసకగానున్నను సరే. రెండవది అంచు, దగ్గరగా. మూడవది వెనుక వైపు, చేనేత గుర్తు, సిల్క్ మార్క్ చీటీలు చదువుటకు వీలుగా. కడపటి రెంటికి ఏ మెరుగును వలదు. అసలు ఫొటోను వేరుగ దాచుడు. మసక వేసి దాచిన ఫొటోలో పోయిన పోగు తిరిగి రాదు.

పిల్లలను కోపపడి ప్రయోజనము లేదు. ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఏది గోడయో, ఏది మన కష్టమో చూపుదము. పోగు పోగు లెక్కించి నేసినవారము, దానిని చూపుటకు వెరవనేల?