అభ్యర్థి కాలానికి విలువేదీ?

కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్-సి, గ్రూప్-డి ఉద్యోగాలకూ, గెజిటెడ్ కాని గ్రూప్-బి ఉద్యోగాలకూ 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు రద్దయ్యాయి. సిఫార్సుల బెడద, అవినీతి తగ్గడంతో పాటు కొద్ది నిమిషాల ముఖాముఖి కోసం వందల మైళ్లు ప్రయాణించే అవస్థ తప్పుతుందని అందరూ ఆశించారు. ఇంటర్వ్యూ పోయింది గానీ, నిరీక్షణ మాత్రం పోలేదు.

రైల్వే నియామకాలే ఇందుకు తార్కాణం. సాంకేతికేతర విభాగాల్లో దాదాపు 35 వేల పోస్టులకు 2019 ఫిబ్రవరిలో ప్రకటన వెలువడగా, కోటీ పాతిక లక్షల దరఖాస్తులు వచ్చాయి. తొలి దశ పరీక్ష ప్రారంభమైంది 2020 డిసెంబరులో. ఆ ఫలితాలు వచ్చింది 2022 జనవరిలో. జాప్యానికి కరోనా కొంతవరకే కారణం. ఆ విపత్తు విరుచుకుపడక ముందే ఏడాది కాలం వృథా అయింది. ఫలితాల తీరుపై బీహార్, ఉత్తరప్రదేశ్‌లలో యువత పట్టాలపైకి వచ్చింది. గయలో రైలు పెట్టెలు దగ్ధమయ్యాయి. ఆ హింస సమర్థనీయం కాదు. దాని వెనుకనున్న నిస్పృహను విస్మరించడమూ తగదు.

తెలంగాణలో గ్రూప్-1 అభ్యర్థులది మరో వ్యథ. 2022 అక్టోబరులో జరిగిన ప్రిలిమినరీ పరీక్ష ప్రశ్నపత్రాల లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ జరిపిన పరీక్షను హైకోర్టు రద్దుచేసింది. 2024 జూన్‌లో ముచ్చటగా మూడోసారి రాయవలసి వచ్చింది.

ప్రైవేటు రంగం ఇందుకు మినహాయింపు కాదు. గంటల తరబడి వరండాలో కూర్చోబెట్టడం, విడతలు విడతలుగా ఇంటర్వ్యూలు జరిపి ఆపై మౌనం వహించడం అక్కడ మామూలైపోయింది. 2022లో ప్రాంగణ నియామకాల్లో ఎంపికైన ఇంజనీరింగ్ పట్టభద్రుల్లో కొందరిని ఐటీ సంస్థలు రెండేళ్ల దాకా చేర్చుకోలేదు. వ్యాపారం మందగించిందన్నది సంస్థల వాదన. ఆ నష్టాన్ని ఇంకా జీతమైనా అందుకోని యువకుడు మోయవలసి రావడమే అన్యాయం.

పరీక్ష కేంద్రానికి నిమిషం ఆలస్యమైతే అభ్యర్థికి ప్రవేశం లేదు. యజమాని ఏళ్ల తరబడి జాప్యం చేసినా అడిగేవారు లేరు. ఈలోగా వయోపరిమితి కరిగిపోతుంది. హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల అద్దెలు, శిక్షణ ఫీజులు పల్లెల్లోని తల్లిదండ్రుల నెత్తిన పడతాయి.

సంకల్పముంటే మార్గం లేకపోలేదు. యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఏటా పరీక్షల తేదీలను ముందుగానే ప్రకటిస్తోంది. మిగిలిన సంస్థలూ ఆ బాట పట్టాలి. ప్రతి దశకూ గడువు విధించుకోవాలి. ఎంపిక కానివారికి ఆ సంగతి వెంటనే తెలియజేయాలి. గడువు దాటితే అంతమేరకు వయోపరిమితిని సడలించాలి. ఉద్యోగాలన్నీ ఒక్కసారిగా సృష్టించడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే. కాదన్న మాటను సకాలంలో చెప్పడానికి మాత్రం ఖజానా అడ్డురాదు.