కొండ మాట వినే వైద్యం

వానలు మొదలైతే అరకు, పాడేరు మన్యం నుంచి పత్రికలకు డోలీ ఫొటోలు రావడం మొదలవుతుంది. కర్రకు దుప్పటి కట్టి, నెలలు నిండిన గర్భిణిని అందులో పడుకోబెట్టి, భుజాలు మార్చుకుంటూ గెడ్డ దాటిస్తుంటారు. చూసి అయ్యో అనుకుంటాం, రోడ్డు వేయనందుకు ప్రభుత్వాన్ని తప్పుపడతాం. తప్పుపట్టాల్సిందే. అయితే ఆ డోలీ మోస్తున్నవాళ్లను ఎంతమందిమి గమనించాం? 108 బండి ఆగిపోయిన చోటి నుంచి పైనున్న ఊరి దాకా ప్రాణాలకు పూచీ పడుతున్నది వాళ్లే.

రోడ్ల సంగతి కొంత కదిలింది. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో గిరిజన గ్రామాలకు రోడ్లు వేసే ‘అడవితల్లి బాట’కు శ్రీకారం చుట్టారు. అంతకు ముందు ఏడాదే పాడేరుకు వైద్య కళాశాల వచ్చింది. సంతోషమే. కానీ బాట, భవనం వచ్చాక కూడా మిగిలిపోయే పని ఒకటుంది. అది ఊరితో కూర్చుని మాట్లాడటం.

మలేరియా సంగతే చూడండి. దోమల మందు గోడ మీద వారాల తరబడి నిలిచి ఉంటేనే, వాలిన దోమ చస్తుంది. పండుగ ముందు ఇంటి గోడలను మట్టితో అలకడం మన్యంలో ఆనవాయితీ. మందు కొట్టిన వారానికే ఇటుకల పండుగ వచ్చిందంటే, ఇల్లాలు శ్రద్ధగా అలికిన మట్టి కింద మందంతా కప్పబడిపోతుంది. ఆమె తప్పేమీ లేదు. పండుగకు మంచి రోజు చూసే దిసారిని ముందుగా ఒక్క మాట అడిగి ఉంటే, అలుకుడు అయ్యాకే మందు కొట్టేవాళ్లు. ఆ దిసారిని మూఢనమ్మకాల మనిషిగా పక్కన పెట్టేస్తున్నాం. ఊరు ఆయన మాట వింటుంది కాబట్టి, జ్వరం వస్తే రక్తపరీక్షకు వెళ్లమని ఆయన చేతే చెప్పించడం తెలివైన పని.

పక్కనే సాలూరులో 2018లో సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) గిరిశిఖర గ్రామాల గర్భిణులకు వసతి గృహం పెట్టింది. కాన్పు రోజులు దగ్గరపడక ముందే కిందికి దించి, భోజనం పెట్టి, పరీక్షలు చేయించే ఏర్పాటు. డోలీ అవసరమే రాకుండా చూసే ఈ ఆలోచన ఎంతో మంచిది. కానీ ఇంటి దగ్గర చంటిపిల్లలను, చోడి చేనును, మేకలను వదిలి వారాల తరబడి ఉండమంటే ఏ తల్లికి మనసొప్పుతుంది? పిల్లలను వెంట తెచ్చుకోనివ్వాలా, అత్తకు కూడా భోజనం పెట్టాలా, కువి భాష మాట్లాడే ఆయాను పెట్టాలా అన్నది ఆ తల్లులే చెప్పాలి.

ఊరి మనిషిని నమ్మితే ఏమవుతుందో మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు చూపించారు. పల్లె మహిళలకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపితే నవజాత శిశు మరణాలు సగానికి పైగా తగ్గాయి. 1999లో లాన్సెట్ పత్రిక ఆ ఫలితాలను ప్రచురించింది. ఈనాడు ఆశా కార్యకర్త బాలింత ఇంటికి వెళ్లి బిడ్డను తూకం వేసే పద్ధతికి మూలం అదే.

మైదానంలో 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ అయితే, కొండ ప్రాంతంలో 20 వేల మందికి ఒకటి ఉండాలన్నది నిబంధన. తలలు లెక్కపెట్టి వేసిన కొలత ఇది. నాలుగు కొండల అవతలి ఊరికి దీంతో ఒరిగేది తక్కువ. ఆ ఊరికి ఏం కావాలో ఊరే చెప్పాలి. గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 నాటి పెసా చట్టం సామాజిక రంగంలోని సంస్థల మీద, సిబ్బంది మీద అజమాయిషీ గ్రామసభకు, పంచాయతీకి ఉండాలని చెప్పింది. మన రాష్ట్రం 2011లో నియమాలు కూడా రాసుకుంది. ఆసుపత్రి ఎప్పుడు తెరవాలి, సంత రోజున వైద్య శిబిరం ఎక్కడ పెట్టాలి అన్నవి ఆ సభలోనే తేలాలి.

ఐటీడీఏ అధికారులకు ఒక్క విన్నపం. ఈసారి ఆరోగ్య సమీక్షకు డోలీ మోసినవారిని, ఆశా కార్యకర్తను, దిసారిని పిలవండి. ముందు వాళ్లను మాట్లాడనివ్వండి.