కొత్త కన్సోల్‌కు ముందు ఒక జాబితా



"పాతదానికి ఇక కొత్త గేమ్స్ రావట నాన్నా!" అని మీ అబ్బాయో అమ్మాయో అంటే వెంటనే కొనేయకండి, కసురుకోనూ వద్దు. ఆ మాటలో సగమే నిజం.

ప్లేస్టేషన్ 5 విడుదలైంది 2020 నవంబరులో. అయినా 2022లో వచ్చిన 'గాడ్ ఆఫ్ వార్: రాగ్నరాక్' 2013 నాటి ప్లేస్టేషన్ 4కూ వచ్చింది. 11 కోట్లకు పైగా అమ్ముడైన పాత మెషీన్‌ను ఏ కంపెనీ అయినా ఒక్కసారిగా వదులుకుంటుందా? 2023లో వచ్చిన 'స్పైడర్-మ్యాన్ 2' మాత్రం ప్లేస్టేషన్ 4కు రాలేదు. తరం మారడానికి అలా ఏళ్లు పడుతుంది. తొందరపడాల్సిన పని లేదు.

అందుకే పిల్లల చేతే ఒక జాబితా రాయించండి: కొత్త మెషీన్‌లో తప్ప ఆడలేని గేమ్స్ ఏవి? ఒక్కోదాని ధర ఎంత? ఏ వయసువారికి? రాగ్నరాక్‌కు యూరప్‌లో ఇచ్చిన రేటింగ్ 18 ఏళ్లు. అలాంటివి ఏడో తరగతి పిల్లాడి జాబితాలో లెక్కలోకి రావు. చివరికి మూడు గేమ్స్ కూడా మిగలకపోతే ఏడాది ఆగుదామని చెప్పండి. మిగిలితే, బడ్జెట్ చూసుకుని నిజంగానే ఆలోచించండి.

సరే అన్నా, వద్దన్నా కారణం పిల్లలకు తెలియాలి. లెక్క చూసి కొనే అలవాటు రేపు వాళ్ల సొంత జీతం వచ్చినప్పుడూ పనికొస్తుంది.