దేవుడి ఓర్పు మన వాయిదాల కోసం కాదు

క్రైస్తవ ప్రసంగాల్లో దేవుడి దీర్ఘశాంతం గురించి తరచూ వింటాం. అది ఎందుకోసమన్నది మాత్రం అంతగా వినబడదు. ఎన్ని తప్పులు చేసినా ఆయన సహిస్తాడు, ఎప్పుడు తిరిగొచ్చినా చేర్చుకుంటాడు అన్న మాట నిజమే. కానీ వినేవాడి మనసులో అది మెల్లగా ‘ఇప్పుడే తొందరేముంది’ అన్న ధీమాగా మారిపోతోంది. పేతురు రెండో పత్రిక ఈ ధీమాకే అడ్డుపడుతుంది. ప్రభువు వస్తానన్న మాట ఏమైందని ఎగతాళి చేసేవాళ్లకు, మీరు ఆలస్యం అనుకుంటున్నది మనసు మార్చుకునేందుకు మీకే ఇచ్చిన వ్యవధి అని జవాబిస్తుంది. ఆ వ్యవధి ఎలా గడుస్తుందో లూకా సువార్త 13వ అధ్యాయంలోని అంజూరపు చెట్టు కథలో ఉంది. మూడేళ్లుగా కాయని చెట్టును నరికేయమన్న యజమానిని తోటమాలి ఇంకో ఏడాది అడుగుతాడు. అడిగి ఊరుకోడు, చుట్టూ పాదు తవ్వి ఎరువు వేస్తానంటాడు. ఆ ఏడాదంతా చెమటోడ్చేది అతనే. దేవుడి ఓర్పు అలాంటి శ్రమ. ఆ శ్రమకు చెట్టు నుంచి జవాబు రావాలి, గడువుకూ ఒక హద్దుంది.

మరి సిలువ మీది దొంగ చివరి ఘడియలో అడిగితే పరదైసు దొరకలేదా? మత్తయి 20వ అధ్యాయంలో పొద్దువాలాక ద్రాక్షతోటలో దిగిన కూలీలకు, తెల్లవారి నుంచి పనిచేసినవాళ్లతో సమానంగా ఒక దేనారం ముట్టలేదా? ముట్టింది. అయితే రోజంతా ఖాళీగా ఎందుకున్నారని యజమాని అడిగినప్పుడు వాళ్లు చెప్పిన కారణం చూడాలి. తమను ఎవరూ పనికి పిలవలేదన్నారు. వాళ్లు పొద్దున పిలిస్తే సాయంత్రం చూద్దామన్నవాళ్లు కారు, పిలుపు అందగానే కదిలారు. మత్తయి రాసినదాన్ని బట్టి దొంగ కూడా మొదట యేసును నిందించినవాడే. అతనికి మిగిలింది కొన్ని గంటలు, వాటిని చేజార్చుకోలేదు. వాయిదా వేసినవాడికి బైబిల్లో అసలు ఉదాహరణ అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయంలోని ఫేలిక్సు. యూదయను ఏలిన ఈ రోమా అధికారి, కైసరయలో ఖైదీగా ఉన్న పౌలు నోట నీతి గురించీ రాబోయే తీర్పు గురించీ వింటూ భయపడ్డాడు. వీలు చూసుకుని మళ్లీ పిలిపిస్తానని పంపేశాడు. నిజంగానే చాలాసార్లు పిలిపించాడు, మాట్లాడాడు, లంచం రాలుతుందేమోననీ చూశాడు. రెండేళ్లు గడిచాయి. అతని పదవి మరొకరికి వెళ్లింది, పౌలు ఖైదులోనే మిగిలాడు. మొదటిరోజు కలిగిన ఆ భయం మళ్లీ కలిగినట్టు లూకా ఎక్కడా రాయలేదు.

విశ్వాసం ఆలోచించి తీసుకోవాల్సిన నిర్ణయం కదా, తొందరపెడితే ఒత్తిడి కాదా అనేవాళ్లున్నారు. అది న్యాయమైన అభ్యంతరమే. దానికి జవాబు ఒంగోలు చరిత్రలో ఉంది. 1876-78 ధాత కరువులో ఆ ప్రాంతం అల్లాడుతుంటే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని గుంపులు గుంపులుగా అడిగారు. గింజల కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని, సహాయం సాగినన్నాళ్లూ, దాదాపు పదిహేను నెలలు, ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు సాయం ఆగిపోయాక, ఇక ముట్టేదేమీ లేదని తెలిసీ వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఒక్కసారికి ఇద్దరు బోధకులు నీళ్లలో నిలబడేవారు, వాళ్లు అలిసిపోతే మరో ఇద్దరు దిగేవారు. ఇక్కడ ఆగమన్నది సంఘం. అడిగినవాళ్లు తమ జవాబు ముందే చెప్పేశారు. పరీక్షించుకోవడానికి తీసుకునే సమయం వేరు, తప్పించుకోవడానికి తీసుకునేది వేరు. మొదటిదానిలో మనిషే మళ్లీ మళ్లీ వచ్చి తలుపు తడతాడు, రెండోదానిలో తట్టే పనంతా దేవుడికే వదిలేస్తాడు.

అంతకు పన్నెండేళ్ల ముందు అదే ఒంగోలులో ఇంకో రకం జవాబు వచ్చింది. 1866లో క్లౌ దంపతులు అక్కడికి చేరినప్పుడు అగ్రకులాలవాళ్లు కూడా ఆసక్తి చూపారు. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య, తోలు వ్యాపారం చేసే మాదిగ, అదే ఏడాది బాప్తిస్మం తీసుకుని తనవాళ్లకు ఊరూరా సువార్త చెప్పసాగాడు. వాళ్లను చేర్చుకుంటే మేం రామని పెద్దకులాలవాళ్లు తేల్చి చెప్పారు. ఏం చేయాలో తోచక భార్యాభర్తలు విడివిడిగా బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే భాగం కనిపించిందని క్లౌ చెప్పుకున్నాడు. లోకం లెక్కచేయనివాళ్లను దేవుడు ఎంచుకున్నాడని చెప్పే భాగం అది. పిలుపు ఇరువురికీ అందింది. పేరయ్య లేచి నడిచాడు. పెద్దలు షరతు పెట్టారు, సందేశం నచ్చింది గానీ పక్కన కూర్చునే మనిషి నచ్చలేదు.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇక్కడే ఉంది. దేవుడి ఓర్పు బాధించేవాడికి వరం, బాధపడేవాడికి శిక్ష కాదా? ప్రకటన గ్రంథం 6వ అధ్యాయంలో హతసాక్షులే ఇంకెంతకాలమని మొరపెడతారు. ఆ మొరను బైబిలు దాచిపెట్టలేదు, మనమూ దాటేయకూడదు. నా మటుకు దానివల్ల వాయిదా మరింత పెద్ద తప్పని అనిపిస్తుంది. ఎందుకంటే మనం వాయిదా వేసిన ప్రతి రోజుకూ మూల్యం కట్టేది మన పక్కవాడు. తెలుగు సంఘాల్లో ఒకే బల్ల దగ్గర ప్రభు భోజనం తీసుకున్నవాళ్లు పెళ్లి సంబంధం దగ్గరికొచ్చేసరికి కులం అడుగుతున్నారు. మాలలకో సంఘం, మాదిగలకో సంఘం నడుస్తున్న పల్లెలున్నాయి. ఇదేమిటంటే తరాలు మారాలి, దేవుడే మారుస్తాడు, ఓపిక పట్టండి అంటారు పెద్దలు. గుండ్లకమ్మలో ఆ బాప్తిస్మాలు జరిగాక ఎన్నో తరాలు మారాయి. ఓపిక పట్టమనే హక్కు కులం అడిగించుకున్నవాడికి ఉంటే ఉండాలి గానీ, అడిగినవాడికి లేదు. కాపరులు దీన్ని వచ్చే ఆదివారమే ప్రసంగంలోకి తేవచ్చు. సంఘ పెద్దలు తమ ఇంటి సంబంధాలతోనే మొదలుపెట్టవచ్చు.